టర్న్‌టేబుల్

టర్న్‌టేబుల్ అనగా గ్రామఫోన్ రికార్డును నిర్ణీత వేగంతో తిప్పి, దాని గాడిలో నడిచే ముల్లు కదలికలను విద్యుత్ సంకేతంగా మార్చే యంత్రం. తెలుగునాట దీనిని ఎక్కువగా రికార్డు ప్లేయర్ అని పిలుస్తారు. చాబీ తిప్పితే పాడే పాతకాలపు గ్రామఫోన్ పెట్టెకు ఇది విద్యుత్ యుగపు రూపం. గ్రామఫోన్‌లో ముల్లు కంపనమే నేరుగా బూరా ద్వారా శబ్దంగా వెలువడేది. టర్న్‌టేబుల్‌లో ఆ కంపనం మొదట అతి చిన్న విద్యుత్ సంకేతంగా మారి, ఆంప్లిఫయర్ ద్వారా పెద్దదై, స్పీకర్లను చేరుతుంది.

టర్న్‌టేబుల్‌ను ఎంచుకొనడంలోను, ఉన్నదానిని మెరుగుపరచుకొనడంలోను మొదట చూడవలసినది యంత్రం ధర కాదు, ఇంట్లో ఉన్న రికార్డుల రకం. రికార్డు ప్రతిసారి ముల్లు రాపిడికి గురి అవుతుంది. సరిపడని ముల్లు, ఎక్కువ బరువు, తప్పు అమరిక వలన గాడి అరిగితే ఆ నష్టం తిరిగి పూడ్చలేనిది. పద్యనాటకాలు, హరికథలు, లలితగీతాలు, జానపద గీతాలు వంటి అనేక పాత తెలుగు ధ్వనిముద్రణలు తిరిగి విడుదల కాలేదు. కాబట్టి వాటి విషయంలో ఈ ఎంపికకు ప్రాముఖ్యం ఎక్కువ.

రికార్డుల రకాలు

తెలుగు ఇళ్ళలో కనిపించే రికార్డులు ప్రధానంగా మూడు రకాలు.

- 78 రికార్డులు: నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి. వీటిని లక్క, రాతిపొడి, మసి కలిపిన మిశ్రమంతో తయారు చేసేవారు. ఇవి బరువుగా, పెళుసుగా ఉంటాయి. జారవిడిస్తే గాజుపలకలా పగులుతాయి. 10 అంగుళాల రికార్డు ఒక్కొక్క వైపు సుమారు 3 నిమిషాలు నడుస్తుంది.
- ఈపీ రికార్డులు: 7 అంగుళాల వ్యాసం గల వినైల్ రికార్డులు. సాధారణంగా 45 చుట్ల వేగంతో నడుస్తాయి. సినిమా పాటలు రెండు నుండి నాలుగు వరకు వీటిలో వచ్చేవి.
- ఎల్పీ రికార్డులు: 12 అంగుళాల వ్యాసం గల వినైల్ రికార్డులు. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతాయి. ఒక్కొక్క వైపు సుమారు 20 నుండి 25 నిమిషాలు నడుస్తాయి.

ఎల్పీని 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ, 45 చుట్ల రికార్డును 1949లో ఆర్‌సీఏ విక్టర్ సంస్థ ప్రవేశపెట్టాయి. స్టీరియో రికార్డులు 1958 నుండి మార్కెట్టులోకి వచ్చాయి. పాశ్చాత్య దేశాలలో 78 రికార్డులు 1950 దశకం చివరికి దాదాపు కనుమరుగైనా, భారతదేశంలో అవి 1960 దశకంలో కూడా తయారయ్యాయి. అందువలన 1960 దశకపు తెలుగు సినిమా పాట 78 రికార్డుగా కాని, ఈపీగా కాని దొరకవచ్చు. విడుదలైన సంవత్సరాన్ని బట్టి కాక, రికార్డు లేబుల్ మీద ముద్రించిన వేగాన్ని బట్టి రకాన్ని నిర్ణయించుకోవాలి.

తెలుగు రికార్డులు

భారతదేశంలో వాణిజ్యపరమైన ధ్వనిముద్రణలు 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ చేసిన వాటితో మొదలయ్యాయి. గౌహర్ జాన్ పాటలు ఆ తొలి ముద్రణలలోనివి. 1908లో కలకత్తాలో రికార్డుల కర్మాగారం ప్రారంభమైనది. తెలుగు రికార్డులు ఎక్కువగా హెచ్‌ఎంవీ, కొలంబియా, ఓడియన్ పేర్లతో వెలువడ్డాయి. పాలిడార్ వంటి సంస్థలు తరువాతి కాలంలో చేరాయి.

రంగస్థల పద్యాలు, హరికథలు, భక్తిగీతాలు, లలితగీతాలు 78 రికార్డుల కాలంలో విశేష ఆదరణ పొందాయి. జంధ్యాల పాపయ్యశాస్త్రి (కరుణశ్రీ) రచించిన "పుష్పవిలాపం" పద్యాలు ఘంటసాల గళంలో రికార్డుల ద్వారానే ఇంటింటికీ చేరాయి. మాయాబజార్ (1957) కాలపు సినిమా పాటలు కూడా 78 రికార్డులుగా వచ్చినవే. ఘంటసాల పాడిన భగవద్గీత ఆయన 1974లో మరణించిన తరువాత ఎల్పీ రికార్డుగా విడుదలైనది. 1980 దశకంలో క్యాసెట్టు చౌకగా దొరకడంతో రికార్డుల వాడుక తగ్గిపోయినది.

నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతపు గ్రామాలలో సొంత రికార్డు ప్లేయర్ ఉన్న ఇళ్ళు తక్కువ. అక్కడి వారు రికార్డు పాటను ఎక్కువగా విన్నది మైకుసెట్టు ద్వారానే. పెళ్ళిళ్ళలో, జాతరలలో, టూరింగ్ టాకీసులలో ఆట మొదలయ్యే ముందు, మైకుసెట్టు వారు రికార్డులు వేసి చెట్టుకో, కొయ్యకో కట్టిన లౌడుస్పీకరు ద్వారా వినిపించేవారు. ఒకే రికార్డును బరువైన ముల్లుతో వందల సార్లు వేయడం వలన అటువంటి చోట్ల నుండి వచ్చిన రికార్డులు బాగా అరిగి ఉంటాయి. వాటిని నేడు వినదలచినవారు ముల్లు ఎంపికలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ముఖ్య భాగాలు

- పళ్ళెం: రికార్డును మోసే గుండ్రని భాగం. ఇది బరువుగా, సమతూకంగా ఉంటే వేగం నిలకడగా ఉంటుంది.
- ఇరుసు, బేరింగు: పళ్ళెం తిరగడానికి ఆధారం. ఇది అరిగితే గరగర శబ్దం పాటలో వినిపిస్తుంది.
- మోటారు: పళ్ళేన్ని తిప్పుతుంది.
- టోన్ఆర్మ్: కార్ట్రిడ్జ్‌ని మోసే చేయి. దీని వెనుక ఉండే బరువుగుండును ముందుకు, వెనుకకు జరిపి గాడిపై పడే బరువును సరిచేస్తారు.
- కార్ట్రిడ్జ్: ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పెట్టె.
- ముల్లు: గాడిని తాకే భాగం. దీని కొన వజ్రంతో కాని, కృత్రిమ నీలంతో కాని చేస్తారు. వజ్రపు ముల్లు సుమారు 500 నుండి 1,000 గంటల వరకు పని చేస్తుంది. నీలపు ముల్లు అంతకంటే చాలా త్వరగా అరుగుతుంది.
- ఫోనో ప్రీఆంప్లిఫయర్: కార్ట్రిడ్జ్ ఇచ్చే సంకేతాన్ని పెంచి, స్వర సమతుల్యాన్ని సరిచేసే సాధనం.

రికార్డు ముద్రించేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి గాడిలో చెక్కుతారు. అలా చేయకపోతే మంద్ర స్వరాలకు గాడి మరీ వెడల్పు కావలసి వస్తుంది. తార స్వరాలు ఉపరితలపు బుసలో కలిసిపోతాయి. వినేటప్పుడు దీనికి విరుద్ధమైన సవరణ చేయాలి. ఈ సవరణకు 1954లో స్థిరపడిన కొలతను ఆర్‌ఐఏఏ ప్రమాణం అంటారు. దాదాపు అన్ని ఫోనో ప్రీఆంప్లిఫయర్లు దీనినే పాటిస్తాయి. 78 రికార్డులలో అధిక భాగం ఈ ప్రమాణానికి ముందరివి. కావున వాటిని ఆర్‌ఐఏఏ సవరణతో వింటే తార స్వరాలు అణగినట్లు ఉంటాయి. ఆంప్లిఫయర్‌లోని ట్రెబుల్ మీటను కొంచెం పెంచితే ఈ లోపం కొంత తీరుతుంది.

తిప్పే పద్ధతులు

పళ్ళేన్ని తిప్పే విధానాన్ని బట్టి టర్న్‌టేబుళ్ళు మూడు రకాలు.

ఐడ్లర్ డ్రైవ్: మోటారు ఇరుసుకు, పళ్ళెం అంచుకు మధ్య ఒక రబ్బరు చక్రం ఉంటుంది. గారర్డ్ 301 (1954), థోరెన్స్ టీడీ 124 ఈ తరగతిలో పేరు పొందినవి. రెండవ దానిలో చక్రంతో పాటు బెల్టు కూడా ఉంటుంది. పాత చిన్న రికార్డు ప్లేయర్లలో చాలావరకు ఈ పద్ధతివే. రబ్బరు చక్రం గట్టిపడినా, ఒకచోట నొక్కుకుపోయినా ప్రతి చుట్టుకూ 'టక్కు టక్కు' మనే శబ్దం వస్తుంది.

బెల్ట్ డ్రైవ్: మోటారు కంపనం పళ్ళేనికి చేరకుండా రబ్బరు బెల్టు అడ్డుకుంటుంది. 1961లో ఎడ్గార్ విల్చర్ రూపొందించిన ఏఆర్ టర్న్‌టేబుల్ ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చినది. బెల్టు కాలక్రమంలో సాగుతుంది, మార్చుకోవాలి. ఎండ ఎక్కువగా ఉండే ప్రాంతాలలో ఇది మరింత త్వరగా జరుగుతుంది.

డైరెక్ట్ డ్రైవ్: మోటారు ఇరుసే పళ్ళెం ఇరుసు. 1970లో టెక్నిక్స్ సంస్థ విడుదల చేసిన ఎస్పీ-10 ఈ పద్ధతిలో మొదటిది. అదే సంస్థ 1972లో తెచ్చిన ఎస్ఎల్-1200 డిస్క్ జాకీల వలన ప్రపంచ ప్రసిద్ధి పొందినది. దాని ఉత్పత్తి 2010లో ఆగి, 2016లో మరల మొదలైనది.

మూడింటిలో ఏదైనా బాగా తయారై, బాగా అమర్చబడితే మంచి ఫలితమే ఇస్తుంది. పద్ధతి కంటే యంత్రం స్థితి ముఖ్యం.

ముల్లు ఎంపిక

గాడి వెడల్పు రికార్డు రకాన్ని బట్టి మారుతుంది. 78 రికార్డు గాడి ఎల్పీ గాడి కంటే సుమారు మూడు రెట్లు వెడల్పు. ముల్లు కొన వ్యాసార్థం కూడా తదనుగుణంగా ఉండాలి.

- 78 రికార్డులకు: సుమారు 65 నుండి 75 మైక్రోమీటర్లు
- మోనో ఎల్పీ, ఈపీలకు: సుమారు 25 మైక్రోమీటర్లు
- స్టీరియో ఎల్పీలకు: సుమారు 18 మైక్రోమీటర్లు

ఎల్పీ ముల్లును 78 రికార్డుపై పెడితే అది గోడలను తాకక గాడి అడుగున పొర్లుతుంది. అడుగున చేరిన ధూళి, గరుకు మాత్రమే వినిపించి పాట సన్నగా, గరగరలాడుతూ వస్తుంది. చాలామంది తమ 78 రికార్డు అరిగిపోయినదని భావించడానికి కారణం తరచు ఇదే. దీనికి విరుద్ధంగా 78 ముల్లును ఎల్పీపై పెడితే సన్నని గాడి అంచులు చెడిపోతాయి. పాత రికార్డు ప్లేయర్లలో ముల్లును అటూ ఇటూ తిప్పే చిన్న మీట ఉంటుంది. దానిపై ఒక వైపు 78 అని, మరొక వైపు ఎల్పీ అని రాసి ఉంటుంది. రికార్డు మార్చినప్పుడు మీట కూడా మార్చాలి.

కొన్ని కార్ట్రిడ్జ్‌లలో పెట్టెను కదపకుండా ముల్లును మాత్రమే లాగి వేరొకటి పెట్టవచ్చు. ఆడియో-టెక్నికా వారి వీఎం95 శ్రేణి ఇందుకు ఉదాహరణ. అందులో ఎల్పీలకు పలు రకాల ముళ్ళతో పాటు 78 రికార్డులకు ప్రత్యేకమైన ముల్లు కూడా ఉన్నది. ఆర్టోఫాన్ సంస్థ కూడా 78 ముళ్ళను తయారు చేస్తుంది. ష్యూర్ సంస్థ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ నిలిపివేసినది. వాటికి సరిపడే ముళ్ళను జపానుకు చెందిన జికో వంటి సంస్థలు తయారు చేస్తున్నాయి.

అరిగిన 78 రికార్డుల విషయంలో ఒక ఉపాయం కలదు. పాత ముల్లు గోడపై ఒక ఎత్తున మాత్రమే అరగదీసి ఉంటుంది. దానికంటే కొద్దిగా పెద్దదో, చిన్నదో అయిన ముల్లును వాడితే అది గోడపై అరగని భాగాన్ని తాకుతుంది. ధ్వని భాండాగారాలలో పని చేసేవారు ఇందుకే పలు కొలతల ముళ్ళను దగ్గర ఉంచుకుంటారు.

చాబీ గ్రామఫోన్‌లోని ఉక్కు ముల్లు గాడిపై 100 గ్రాములకు పైగా బరువు మోపుతుంది. లక్క రికార్డులోని రాతిపొడి ఆ ముల్లును అరగదీసి గాడి ఆకారానికి తెస్తుంది. అందువలన ఉక్కు ముల్లును ఒక్కొక్క వైపుకు ఒకటి చొప్పున మార్చాలి. వినైల్ రికార్డును ఇటువంటి పెట్టెపై ఒక్కసారి వేసినా అది పాడవుతుంది.

గాడిపై బరువు

నేటి అయస్కాంత కార్ట్రిడ్జ్‌లు వినైల్ రికార్డులపై సాధారణంగా 1.5 నుండి 2.5 గ్రాముల బరువుతో నడుస్తాయి. 78 ముళ్ళు 3 నుండి 5 గ్రాములతో నడుస్తాయి. సూట్‌కేసు ఆకారంలో దొరికే చౌక ప్లేయర్లలో సెరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. అది సుమారు 5 గ్రాముల బరువు మోపుతుంది, దానిని తగ్గించే వీలు ఉండదు. అప్పుడప్పుడు వినేవారికి, మరల దొరికే రికార్డులకు ఇవి సరిపోవచ్చు. మరొక ప్రతి దొరకని రికార్డులను వీటిపై తరచు వేయరాదు.

మరీ తక్కువ బరువు కూడా మంచిది కాదు. తేలికైన ముల్లు గాడిలో ఎగిరిపడుతూ గోడలను దెబ్బతీస్తుంది. తయారీదారు చెప్పిన హద్దులలో మధ్య నుండి పై భాగం వరకు ఉంచడం క్షేమం. తూకం చూడడానికి చిన్న డిజిటల్ త్రాసులు దొరుకుతాయి.

టోన్ఆర్మ్ బరువు, ముల్లు మెత్తదనం కూడా ఒకదానికొకటి సరిపోవాలి. రెండూ కలిసి ఒక సహజ కంపనాన్ని ఏర్పరుస్తాయి. అది 8 నుండి 12 హెర్ట్జ్‌ల మధ్య ఉండాలి. టోన్ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిపిన బరువును (గ్రాములలో) ముల్లు మెత్తదనపు సంఖ్యతో గుణించి, వర్గమూలం తీసి, 159ని దానితో భాగిస్తే ఈ విలువ వస్తుంది. ఉదాహరణకు బరువు 18, మెత్తదనం 20 అయితే ఫలితం సుమారు 8.4 హెర్ట్జ్‌లు, ఇది అంగీకరించదగినది. రెండూ 25 అయితే ఫలితం 6.4, అప్పుడు వంగిన రికార్డులపై ముల్లు ఊగిపోతుంది.

వేగం, విద్యుత్ సరఫరా

భారతదేశంలో విద్యుత్ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు. అమెరికాలో అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు అక్కడి పాత టర్న్‌టేబుల్‌ను స్వదేశానికి తెచ్చినప్పుడు ఈ తేడా సమస్య అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మార్చగలదు కాని ఫ్రీక్వెన్సీని మార్చలేదు. సింక్రొనస్ మోటారు గల యంత్రం ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగంతోనే, అనగా 33⅓కు బదులు 27.8 చుట్లతో తిరుగుతుంది. మూడు నిమిషాల పాట 3 నిమిషాల 36 సెకండ్లు పడుతుంది. శ్రుతి షడ్జమానికి, సాధారణ గాంధారానికి మధ్య ఉన్నంత దూరం కిందకు జారుతుంది. 50 హెర్ట్జ్‌లకు తగిన కప్పీ బిగిస్తే ఈ లోపం పోతుంది. అడాప్టరుతో నడిచే డీసీ మోటారు యంత్రాలకు, క్వార్ట్జ్ నియంత్రణ గల డైరెక్ట్ డ్రైవ్ యంత్రాలకు ఈ ఇబ్బంది ఉండదు. వోల్టేజి సరిపోతే చాలు.

వేగాన్ని స్ట్రోబోస్కోపు చక్రంతో పరీక్షిస్తారు. 50 హెర్ట్జ్‌ల సరఫరాతో వెలిగే నియాన్ దీపం సెకండుకు 100 సార్లు మినుకుతుంది. ఆ వెలుగులో 33⅓ వేగానికి 180 గీతలు, 45 వేగానికి 133 గీతలు, 78 వేగానికి 77 గీతలు గల చక్రాలు నిశ్చలంగా కనిపించాలి. 60 హెర్ట్జ్‌ల చక్రంలో 33⅓కు 216 గీతలు ఉంటాయి. దానిని ఇక్కడ వాడితే పళ్ళెం 27.8 చుట్లతో తిరుగుతున్నప్పుడు గీతలు నిలిచి కనిపిస్తాయి. కాబట్టి అమెరికా యంత్రంతో పాటు అమెరికా చక్రం కూడా తెచ్చుకున్నవారికి వేగం సరిగా ఉన్నట్లే అనిపిస్తుంది.

1990 దశకంలో దక్షిణాది విద్యుత్ గ్రిడ్‌లో లోటు వలన ఫ్రీక్వెన్సీ 48 హెర్ట్జ్‌ల సమీపానికి పడిపోయేది. అటువంటి వేళలలో సింక్రొనస్ మోటారు ప్లేయర్ శ్రుతి షడ్జమానికి, శుద్ధ రిషభానికి మధ్య గల దూరంలో దాదాపు మూడింట రెండు వంతులు తగ్గేది. వోల్టేజి స్టెబిలైజరు దీనిని సరిచేయలేదు. దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31న జాతీయ గ్రిడ్‌తో అనుసంధానమైనది. ఫ్రీక్వెన్సీ నేడు 50 హెర్ట్జ్‌లకు చాలా దగ్గరగా ఉంటుంది.

1920 దశకం మధ్యభాగానికి ముందు ముద్రించిన 78 రికార్డుల అసలు వేగం 78 కాకపోవచ్చు. వేగాన్ని కొద్దిగా హెచ్చించి తగ్గించే మీట ఉన్న యంత్రం అటువంటి వాటికి ఉపయోగపడుతుంది.

కొనేటప్పుడు చూడవలసినవి

1. ఇంట్లో 78 రికార్డులు ఉంటే యంత్రానికి ఆ వేగం ఉండాలి. నేటి యంత్రాలలో చాలావాటికి 33⅓, 45 వేగాలే ఉంటాయి.
2. ముల్లు విడిగా దొరకాలి. ముల్లు దొరకని పాత యంత్రం ఎంత అందంగా ఉన్నా అలంకారానికే పనికివస్తుంది.
3. గాడిపై బరువును సరిచేసే వీలు ఉండాలి.
4. పాత యంత్రమైతే పళ్ళేన్ని చేతితో తిప్పి చూడాలి. అది నిశ్శబ్దంగా, చాలాసేపు తిరిగి మెల్లగా ఆగాలి.
5. టోన్ఆర్మ్ ఇరువైపులకు అడ్డంకి లేకుండా కదలాలి. బేరింగులలో వదులు ఉండరాదు.
6. ఆంప్లిఫయర్‌లో 'ఫోనో' అనే సాకెట్టు లేకపోతే విడిగా ఫోనో ప్రీఆంప్లిఫయర్ కావాలి. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చే సంకేతం 3 నుండి 5 మిల్లీవోల్టులు మాత్రమే. సెరామిక్ కార్ట్రిడ్జ్‌కు మాత్రం ఇది అవసరం లేదు.

హైదరాబాదులో కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ సామానుకు ప్రసిద్ధి. బెల్టులు, తీగలు, సాకెట్లు వంటివి అటువంటి బజారులో వెదకవచ్చు. పాత రికార్డులు, యంత్రాలు జుమ్మేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత వంటి పాత వస్తువుల సంతలలో అమ్మకానికి వస్తూ వచ్చాయి. మద్రాసులో 1985లో అగ్నికి ఆహుతైన మూర్ మార్కెట్టు కూడా ఒకప్పుడు ఇందుకు పేరు పొందినదే. సంతలో కొనే యంత్రానికి అక్కడే విద్యుత్తు పెట్టి చూపమని అడగడం మంచిది.

మెరుగుపరచే క్రమం

ఏ భాగానికి మొదట ఖర్చు పెట్టాలన్న విషయంలో శ్రోతలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. గాడి నుండి తీయలేని ధ్వనిని తరువాతి సాధనాలు తిరిగి తేలేవు గనుక టర్న్‌టేబుల్‌కే ప్రథమ స్థానం ఇవ్వాలని 1970 దశకంలో స్కాట్లాండుకు చెందిన లిన్ సంస్థ ప్రచారం చేసినది. అత్యధిక వికృతి స్పీకర్లలోనే పుడుతుంది గనుక వాటికే ఎక్కువ ఖర్చు చేయాలన్నది మరొక వాదన. పాత తెలుగు రికార్డులు వినేవారికి ఈ రెండింటి కంటే ముందు చేయవలసిన పనులు ఉన్నాయి, అవి చౌక కూడా.

మొదటిది అమరిక. యంత్రం సమతలంగా ఉండాలి. రసమట్టంతో చూసి కాళ్ళను సరిచేయాలి. స్పీకర్లు ఉన్న బల్లపైనే టర్న్‌టేబుల్‌ను ఉంచరాదు. గోడకు బిగించిన బల్ల గాని, బరువైన రాతి పలక గాని మంచి ఆధారం. కార్ట్రిడ్జ్ కోణాన్ని కాగితపు కొలతపటంతో సరిచూడాలి. 12 అంగుళాల రికార్డులకు వాడుకలో ఉన్న ఒక పటం ప్రకారం ఇరుసు నుండి 66, 121 మిల్లీమీటర్ల దూరంలో కార్ట్రిడ్జ్ గాడికి సరిగా సమాంతరంగా ఉండాలి.

రెండవది ముల్లు. అరిగిన ముల్లును మార్చడం, 78 రికార్డులకు వేరే ముల్లు కొనడం అన్నింటికంటే ఎక్కువ ఫలితం ఇస్తాయి, రికార్డులనూ కాపాడుతాయి.

మూడవది రికార్డుల శుభ్రత.

నాలుగవది మోనో మీట. మోనో రికార్డులో పాట గాడి యొక్క పక్క కదలికలో మాత్రమే ఉంటుంది. నిలువు కదలికలో ఉండేది ధూళి, అరుగుదల చేసే రొద. రెండు చానెళ్ళను కలిపితే నిలువు రొద రద్దవుతుంది. ఆంప్లిఫయర్‌లో మోనో మీట ఉంటే 78 రికార్డులు, పాత ఈపీలు వినేటప్పుడు తప్పక వాడాలి.

ఐదవది ఫోనో ప్రీఆంప్లిఫయర్. కొత్త టర్న్‌టేబుల్ కొనడం చివరిది. ఉన్న యంత్రానికి 78 వేగం లేనప్పుడు, బేరింగు అరిగినప్పుడు, బరువు సరిచేసే వీలు లేనప్పుడు మాత్రం ఇదే మొదటిది అవుతుంది.

మెట్ట ప్రాంతాలలో జాగ్రత్తలు

రామన్నపేట 2016 వరకు నల్గొండ జిల్లాలో, తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న మండల కేంద్రం. ఇది సికింద్రాబాదు నుండి నల్గొండ మీదుగా గుంటూరు పోయే రైలు మార్గంలో ఉన్నది. ఇటువంటి మెట్ట ప్రాంతపు ఊళ్ళలో రికార్డులకు ప్రధాన శత్రువులు మూడు: వేసవి ఎండ, ఎర్ర చెలక నేలల ధూళి, దూరం.

వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. నీడలో ఆ వేడికి రికార్డు వంగదు. కాని రేకుల కప్పు కింద అటకపై, కిటికీ ఎండ పడే చోట, ఎండలో నిలిపిన మూసిన కారులో వేడి అంతకంటే చాలా ఎక్కువై వినైల్ మెత్తబడుతుంది. రికార్డులను కింది గదిలో, లోపలి గోడ వైపు, నిటారుగా నిలబెట్టి ఉంచాలి. ఒకదానిపై ఒకటి దొంతరగా పేర్చితే కిందివి వంగుతాయి, 78 రికార్డులైతే పగులుతాయి.

ధూళి గాడిలో చేరి ముల్లుతో కలిసి ఆకురాయిలా పని చేస్తుంది. వినడం అయిన వెంటనే రికార్డును కవరులో పెట్టడం, యంత్రం మూత దించి ఉంచడం అవసరం. వేసవి గాలిదుమారాల రోజులలో ముల్లును మెత్తని కుంచెతో వెనుక నుండి ముందుకు తుడవాలి.

ఇన్వర్టరు మీద నడిపేటప్పుడు చతురస్ర తరంగపు ఇన్వర్టర్లు మోటారులోను, ఆంప్లిఫయర్‌లోను రొద కలిగిస్తాయి. ఇంటికి సరైన ఎర్తింగ్ ఉండాలి. టర్న్‌టేబుల్ నుండి వచ్చే సన్నని ఎర్తు తీగను ఫోనో ప్రీఆంప్లిఫయర్‌కు బిగించకపోతే ఎడతెగని 'హూం' శబ్దం వస్తుంది.

యంత్రాన్ని బస్సులోనో, రైలులోనో మరమ్మతుకు తీసుకొని పోయేటప్పుడు పళ్ళెం, బరువుగుండు ఊడదీసి వేరుగా చుట్టాలి. ముల్లుకు తొడుగు వేయాలి, టోన్ఆర్మ్‌ను దాని పిడికి కట్టాలి. అమరికలోను, రవాణాలోను ముల్లు విరిగే ప్రమాదం ఉన్నందున ఒక ముల్లును అదనంగా ఉంచుకోవడం దూరపు ఊళ్ళవారికి మేలు.

శుభ్రపరచడం

వినైల్ రికార్డులను డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కల మెత్తని సబ్బుద్రవం కలిపి, మెత్తని గుడ్డతో గాడి వెంబడి తుడిచి, మరల డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడలో ఆరబెడతారు. మధ్యనున్న కాగితపు లేబుల్ తడవకూడదు. బోరు నీటిలోని లవణాలు ఆరిన తరువాత గాడిలో మిగిలిపోతాయి గనుక ఆ నీరు పనికిరాదు.

78 రికార్డులపై స్పిరిట్టు, ఆల్కహాలు కలిసిన ద్రవాలు వాడరాదు. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. ఒక్కసారి తుడిస్తేనే గాడి చెడిపోతుంది. లక్క రికార్డును నీటిలో నానబెట్టరాదు. తడిగుడ్డతో త్వరగా తుడిచి, వెంటనే ఆరబెట్టాలి.

డిజిటల్ ప్రతులు

అరుదైన రికార్డును పదేపదే వినడం కంటే సరైన ముల్లుతో ఒకసారి కంప్యూటరులోకి ఎక్కించి, ఆ ప్రతిని వినడం రికార్డుకు మేలు. అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం ఇందుకు కనీసం 48 కిలోహెర్ట్జ్‌లు, 24 బిట్ల నాణ్యతను సూచిస్తుంది. మొదటి ప్రతిలో రొద తొలగించే సాఫ్ట్‌వేరు వాడరాదు. మార్పు చేయని ప్రతిని భద్రపరచి, వేరొక ప్రతిపై సవరణలు చేసుకోవాలి. లేబుల్‌పై ఉన్న పేర్లు, రికార్డు సంఖ్య, లేబుల్ పక్కన నునుపు భాగంలో చెక్కిన సంఖ్య రాసి ఉంచితే ఆ ముద్రణను తరువాతివారు గుర్తించగలుగుతారు.

భారత కాపీరైటు చట్టం (1957) ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు అది ప్రచురితమైన మరుసటి సంవత్సరం మొదలు 60 సంవత్సరాలు ఉంటుంది. సాహిత్యానికి, సంగీత రచనకు హక్కులు వేరుగా ఉంటాయి. అవి రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 సంవత్సరాలు కొనసాగుతాయి. కావున రికార్డు పాతదైనంత మాత్రాన ఆ పాటను అంతర్జాలంలో ఉంచే హక్కు లభించినట్లు కాదు.

పునరాదరణ

సీడీల రాకతో 1990 దశకంలో భారతదేశంలో రికార్డుల తయారీ నామమాత్రమైనది. 2000 దశకం చివరి నుండి పలు దేశాలలో వినైల్‌కు మరల ఆదరణ పెరిగినది. అమెరికాలో 2022లో వినైల్ ఆల్బములు సుమారు 4 కోట్ల 10 లక్షలు, సీడీలు సుమారు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడుపోయాయి. 1987 తరువాత సంఖ్యలో వినైల్ సీడీని మించడం అదే మొదటిసారి. ఈ ఆదరణ వలన కొత్త టర్న్‌టేబుళ్ళు, ముళ్ళు, బెల్టులు సులభంగా లభిస్తున్నాయి. కొత్త ఎల్పీ పాడైతే మరొకటి కొనవచ్చు. మైకుసెట్టు పెట్టెలో మిగిలిన 78 రికార్డుకు ఆ అవకాశం లేదు. అందుచేత పాత తెలుగు రికార్డులు గలవారు ఈ సాధనాలలో మొదట సమకూర్చుకోవలసినది సరైన ముల్లు.